కాళ్ళు చాలని చిప్పు

ఆమెకు టంకం అని పేరు పెట్టింది బావ. చదువుకునే రోజుల్లో అక్కావాళ్ళ మేడమీద గదిలో ఉండేది. ఎప్పుడు చూసినా చేతిలో తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్, గదినిండా గుగ్గిలం కాలిన వాసన. "ఈ పిల్ల పళ్ళు తోముకోకముందే టంకం పెడుతుంది. రేపు మొగుడితో తగాదా వచ్చినా ఇట్టే అతికించేసుకుంటుంది, మనకు పంచాయితీ బాధ లేదు" అని బావ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. ఒక ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చాక కూడా ఆమె ఆ గది వదల్లేదు. వదలమని ఎవరూ అనలేదు. చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు కావడంతో బావతో ఆమెకు మీరు, గారు అనే మర్యాదలు లేవు.

బావ ఒక కోల్డ్ స్టోరేజిలో మెకానిక్. చేపలు, మందులు అక్కడ నిలవ ఉంటాయి. అన్నిటికన్నా లోపలి గదిలో చలి మైనస్ ఇరవై అయిదు. కరెంటు పోయినప్పుడు గది వేడెక్కకుండా డ్రై ఐసు దిమ్మలు తెచ్చి లోపల పేర్చేవాళ్ళు. ఆ దిమ్మ కరిగి నీరు కాదు, కార్బన్ డయాక్సైడ్ అయి గాలిలో కలిసిపోతుంది. మూసిన గదిలో అది నిండితే మనిషికి ఊపిరి అందదు.

ఒకరోజు భోజనాల దగ్గర బావ అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"ఇవాళ లోడింగ్ పనివాడొకడు లోపల అట్లా కూచుండిపోయాడే. కాళ్ళు పట్టి ఈడ్చుకొచ్చాం. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు. ఆ గాలికి వాసనుండదు, రంగుండదు. ఏమమ్మా టంకం, మీ వర్క్‌షాపులో చేసే పెట్టెల్లో దానికో ముక్కు పెట్టరాదూ?"

అలా పుట్టింది ఆ పరికరం. గోడకు తగిలించే చిన్న పెట్టె. గాలిలో ఆ వాయువు హద్దు దాటితే సైరన్ మోగాలి, గాలిని బయటికి తోసే ఫ్యాన్ తిరగాలి. దానికి ముక్కు అన్న పేరే స్థిరపడిపోయింది.

టంకం పనిచేసే వర్క్‌షాపు యజమాని పేరు వాడేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆయన సర్దుకుందాం గారు. జీతం ఆలస్యమైనా, కుర్చీ కాలు విరిగినా, వానకు పైకప్పు కారినా ఆయన నోట వచ్చే మొదటి మాట అదే. చెడ్డమనిషి కాదు. పనివాళ్ళ ఇంట్లో జబ్బు చేస్తే తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడు. ముక్కు సంగతి వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బావావాళ్ళ కోల్డ్ స్టోరేజితో పాటు మరికొన్నిచోట్ల మాట్లాడి, ఎండలు ముదరకముందే అందిస్తానని ఒప్పుకొచ్చాడు.

ఇక దానికి మెదడు కావాలి. మైక్రోకంట్రోలర్ అంటారు దాన్ని. గోరంత నల్లచిప్పు, సెన్సర్ చెప్పింది వినడం, లెక్క చూసుకోవడం, సైరన్‌కు ఫ్యాన్‌కు ఆజ్ఞ ఇవ్వడం దాని పని. టంకం మొదట తయారుచేసిన నమూనాలో పెట్టిన చిప్పు ఫ్యాక్టరీల కోసం చేసింది. మైనస్ నలభై దాకా చలి తట్టుకుంటుందని తయారీదారులు హామీ ఇచ్చారు. తీగలు కలపడానికి కాళ్ళు కూడా పుష్కలంగా ఉండేవి. అందులో ఒక కాలుకు ఆకుపచ్చ దీపం కట్టింది. చిప్పు బతికి పనిచేస్తున్నంతసేపూ దీపం టపటపా కొట్టుకునేది. చిప్పు ఆగితే దీపమూ ఆగుతుంది.

ఆ చిప్పు దొరకలేదు. దేశదేశాల్లో కొరత. అడిగిన ప్రతి దుకాణమూ వచ్చే ఏడాది మాట చెప్పింది. కార్లలో వాడే మరో రకం దొరికేదే, కానీ దానికి ప్రోగ్రాం అంతా మొదటినుంచి రాయాలి, రాయడానికి కావలసిన సరంజామా వర్క్‌షాపులో లేదు.

సర్దుకుందాం గారు స్టోరు బీరువా తెరిచి, రీలుకు చుట్టిన చిప్పుల చుట్ట ఒకటి తెచ్చి బల్లమీద పెట్టాడు. ఎప్పుడో ఫ్యాన్ రెగ్యులేటర్ల కోసం కొని, ఆ పని ఆగిపోతే మిగిలినవి.

"ఇవి ఉన్నాయిగా. సర్దుకుందాం."

టంకం ఆ చిప్పు వివరాలుండే డేటాషీట్ తెరిచి ఆయన ముందు పెట్టింది. "వీటికి సున్నా డిగ్రీల వరకే హామీ సార్. మన గది మైనస్ ఇరవై అయిదు."

"కాగితాలు రాసేవాళ్ళు భయస్తులమ్మా. మందుసీసా మీద కూడా ఫలానా తేదీ దాటితే వాడొద్దంటారు, మర్నాడే విషమైపోతుందా? పెట్టి చూడు. పనిచెయ్యకపోతే నేనే వద్దంటాను."

"నెల ఆగితే ఇంకెక్కడైనా..."

"ఈ నెలలో వాళ్ళ గదిలో ఇంకొకడు పడిపోతే? ఏ ముక్కూ లేకపోవడం కంటే ఇది నయం కాదా?"

టంకం డేటాషీట్ మూసింది. నిజానికి ఆ ప్రశ్న ఆమెనూ తొలుస్తూనే ఉంది. బావ రోజూ ఆ గదిలోకే వెళ్తున్నాడు.

ఆ చిప్పుకు ఎనిమిదే కాళ్ళు. కరెంటుకు రెండు, టిక్కుటిక్కుమని కాలం కొలిచే క్రిస్టల్ ముక్కకు రెండు, సెన్సర్‌కు రెండు, సైరన్‌కు ఒకటి, ఫ్యాన్‌కు ఒకటి. అయిపోయాయి. దీపానికి కాలు మిగల్లేదు. దీపం లేకపోతే పెట్టె ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో కూడా తెలియదు. టంకం కాసేపు పెన్సిల్ కొరుకుతూ కూర్చుని, దీపాన్ని చిప్పుతో సంబంధం లేకుండా నేరుగా కరెంటు తీగకు కలిపేసింది. బ్యాటరీ పెట్టాలన్న ఆలోచన అంతకుముందే వదిలేశారు. ఆ చలిలో బ్యాటరీలు నిలవలేదు.

కొత్త పెట్టెను బావే కోల్డ్ స్టోరేజికి పట్టుకెళ్ళాడు. బయట వరండాలో ప్లగ్గుకు పెట్టి, వెలుగుతున్న పెట్టెను పొడుగాటి వైరుతో లోపలికి తీసుకెళ్ళి గోడకు తగిలించాడు. వారమంతా అది ఒక్క తప్పు లేకుండా పనిచేసింది. డ్రై ఐసు ముక్క దగ్గర పెడితే సైరన్ చెవులు చిల్లులు పడేలా మోగింది.

"నమూనాలో లైటు గుండెలా కొట్టుకునేది. ఇదేంటి, కన్నార్పకుండా చూస్తోంది?" అని అడిగాడు బావ.

"చిప్పుకు కాళ్ళు చాల్లేదు బావా."

"అయ్యో, కుంటి ముక్కన్నమాట" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ దీపానికీ చిప్పుకూ ఇప్పుడు సంబంధం లేదని చెప్పాలన్న ఆలోచన ఆ నవ్వులో తట్టలేదు. బావ తన తోటివాళ్ళకు ఒక నియమం పెట్టాడు: తలుపు అద్దంలోంచి చూడండి, పచ్చలైటు వెలుగుతూ సైరన్ మోగకుండా ఉంటేనే లోపల కాలు పెట్టండి. అందరూ పాటించారు. అతనూ పాటించాడు.

వానాకాలంలో గాలివాన వచ్చింది. చెట్లు తీగలమీద పడి ఊరంతా చీకటైంది. కోల్డ్ స్టోరేజి జనరేటర్ గదిలోకి నీళ్ళు వచ్చాయి. ఎప్పటిలాగే డ్రై ఐసు దిమ్మలు తెచ్చి లోపలి గదినిండా పేర్చి తలుపు మూసేశారు. కరెంటు లేదు కనుక ముక్కూ లేదు, ఫ్యాన్ కూడా లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ లోపలికి వెళ్ళలేదు. ఒక రోజు గడిచి, మర్నాడు పొద్దున కరెంటు వచ్చింది.

బావ తలుపు అద్దం తుడిచి చూశాడు. పచ్చలైటు వెలుగుతోంది. సైరన్ మోగలేదు.

"మీరుండండి. కంప్రెసర్ పైపు బిగుసుకుందేమో చూసొస్తా" అని కోటు బొత్తాలు పెట్టుకుని లోపలికి వెళ్ళాడు.

వర్క్‌షాపులో టంకం అప్పుడే సంచి తగిలించి, కుర్చీ లాక్కుంటోంది. అక్క ఫోన్ చేసింది.

"మీ బావ లేవట్లేదటే" అంది. అంతే. తర్వాత అవతల ఎవరో ఫోన్ అందుకున్నారు.

ఒక లోడింగ్ పనివాడు ఊపిరి బిగబట్టి వెళ్ళి బావను భుజాలు పట్టి ఈడ్చుకొచ్చాడట. ఇక ఆస్పత్రి దాకా తీసుకెళ్ళి లాభం లేదని అంబులెన్సులో వచ్చిన మనిషే చెప్పాడు. టంకం చేరేసరికి వరండాలో బావను సిమెంటు నేలమీద పడుకోబెట్టి ఉంచారు. కనుబొమల మీద మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. అక్క ఆ తడిని చీరకొంగుతో అద్దుతోంది, చెమట అద్దినట్టు.

దినాలు గడిచాయి. ఇంటికి వచ్చేవాళ్ళు తగ్గారు. ఒక మధ్యాహ్నం అక్క వంటింటి గడపమీద కూర్చుని ఉంటే టంకం మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. అక్క ముట్టుకోలేదు.

"లైటు వెలుగుతోందని చూసే వెళ్ళాడంట. నిజమేనా?"

"నిజమే అక్కా."

"లైటు వెలిగితే పెట్టె పనిచేస్తున్నట్టు కాదా మరి?"

"కాదు. కరెంటు ఉన్నట్టు. అంతే."

"ఆ సంగతి ఆయనకు తెలుసా?"

"తెలీదు."

"నీకు?"

వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు చేస్తున్నారు. అది ఒకటికి నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది.

"తెలుసు" అంది టంకం.

అక్క కేకలు వెయ్యలేదు. గ్లాసును పక్కకు జరిపింది. "చలికి పెట్టొద్దని దానిమీద రాసుందంట. మీ ఆఫీసు వాళ్ళెవరో అనుకుంటుంటే విన్నా. చదువురాని దాన్ని కాబట్టి అడుగుతున్నా. పెట్టొద్దని రాసున్నదాన్ని ఎందుకు పెట్టావే?"

టంకం మనసులో లెక్కపెట్టుకుంది. కొరత, గడువు, వారం రోజుల పరీక్ష, ఇంకొకడు పడిపోతే అన్న భయం, ఇవన్నీ ఉన్నాయి. అక్కకు చెప్పదగ్గది ఒక్కటీ కనిపించలేదు.

"నిన్ను తిట్టాలని లేదు" అంది అక్క లేస్తూ. "నీ మొహం చూడాలనీ లేదు. ఇంకెక్కడైనా గది చూసుకో."

ఆ సాయంత్రమే ఆమె పెట్టె సర్దుకుని వర్క్‌షాపు వెనకసందులో ఒక గదికి మారింది.

విచారణకు ప్రభుత్వ తనిఖీ అధికారిణి వచ్చింది. నడివయసు మనిషి, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ అందరినీ ఒకే గొంతుతో ప్రశ్నలు అడిగేది. బావ చనిపోయిన గదిలోంచి తీసిన పెట్టెను వర్క్‌షాపు బల్లమీద పెట్టి కరెంటు ఇచ్చారు. సర్దుకుందాం గారు దానిమీదికి వంగి గట్టిగా ఊదాడు, వదిలే ఊపిరిలోనూ ఆ వాయువే ఉంటుంది. సైరన్ మోగింది. దానికి తగిలించిన ఫ్యాన్ తిరిగింది.

"చూశారుగా మేడమ్, రాయిలా ఉంది" అన్నాడాయన. అధికారిణి పక్కకు వెళ్ళి ఫోన్ మాట్లాడుతుంటే టంకం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, నిద్ర లేనట్టు. "కరెంటు రాకముందే తొందరపడి వెళ్ళాడని రాసుకుంటారు. సర్దుకుందామమ్మా. పోయినవాడికి మాట పడితే నొప్పి ఉండదు. ఉన్నవాళ్ళం పదిమందిమి రోడ్డున పడతాం."

"తొందరపడే మనిషి కాదు సార్ ఆయన."

"నాకు మాత్రం తెలీదా? మనకున్న దారి అదొక్కటే అంటున్నా."

టంకం బల్లమీది పెట్టెను చూస్తూ నిలబడింది. పనిచేస్తోంది. వారం రోజుల పరీక్షలోనూ పనిచేసింది. అప్పుడు వేడిగా వెలుగుతూ లోపలికి వెళ్ళింది, ఇప్పుడు వేడిగా బల్లమీద ఉంది. చలిలో ఆరిపోయి, చలిలోనే మళ్ళీ లేవమని దాన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నడుస్తున్నవాడు చలిలో నడుస్తూనే ఉంటాడు. పడుకుని గడ్డకట్టినవాణ్ణి లేపడం వేరు. ఆమె పెట్టె ప్లగ్గు లాగేసింది. పచ్చలైటు ఆరిపోయింది.

అధికారిణి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చోబోతుంటే, "మేడమ్, దీన్ని ఇక్కడ కాదు, ఆ గదిలోనే చూడాలి" అంది. "లోపల పెట్టి, కరెంటు తీసేసి, గడ్డకట్టేదాకా వదిలెయ్యాలి. తర్వాత మళ్ళీ కరెంటు ఇవ్వాలి."

సర్దుకుందాం గారు ఆమె వైపు చూసిన చూపులో కోపం లేదు. తన కింద నేల కదలడం తెలిసినవాడి చూపు అది.

మర్నాడు అలాగే చేశారు. డ్రై ఐసు అంతా తీసేసి, గాలి ఆడించి, పెట్టెను లోపల ఆర్పి వదిలేశారు. మధ్యాహ్నం దాటాక టంకం, అధికారిణి కోట్లు వేసుకుని వెళ్ళారు. బయటినుంచి ఎవరో స్విచ్ వేశారు. పచ్చలైటు వెలిగింది. అధికారిణి దగ్గరికెళ్ళి ఊదింది. ఏమీ లేదు. ఒక డ్రై ఐసు ముక్కను పట్టకారుతో పట్టుకుని సెన్సర్ కిందికి తెచ్చింది. తెల్లటి పొగ పెట్టెచుట్టూ తిరిగింది. సైరన్ మూగగా ఉంది. దీపం మాత్రం అలా చల్లగా వెలుగుతూనే ఉంది.

"చిప్పు లేవలేదు" అంది టంకం. "కాలం కొలిచే క్రిస్టల్ ఈ చలిలో మొదలవ్వలేదు."

"ఈ చిప్పు ఎవరు ఎంచుకున్నారు?"

"సార్ చెప్పారు. సున్నా వరకే అని నేను చెప్పాను. తర్వాత ఒప్పుకున్నాను."

"మరి ఈ లైటు?"

"అది నేరుగా కరెంటుకు కలిపింది నేను. ఎవరూ చెప్పలేదు. నేనే."

అధికారిణి ముక్కు తుడుచుకుని ఆ మాట రాసుకుంది. బయటికి వచ్చాక, "ఎవరూ అడగని పరీక్ష నువ్వే చేయించావు. దానివల్ల నీకే నష్టం" అంది.

"అదే పెట్టెలు ఇంకా వేరేచోట్ల గోడలకున్నాయి మేడమ్" అంది టంకం.

వర్క్‌షాపు మూతపడింది. పదిమందీ రోడ్డున పడ్డారు. సర్దుకుందాం గారు అన్నంత పనీ జరిగింది. వాళ్ళలో కొందరు వీధిలో టంకం ఎదురైతే తల తిప్పుకునేవాళ్ళు. కేసు నడుస్తూ ఉంది, ఆమెనూ ఆయననూ పిలిచినప్పుడల్లా ఒకే బెంచీమీద కూర్చోబెట్టేవాళ్ళు. ఒకసారి ఆయన తన సీసాలో నీళ్ళు ఆమెకిచ్చాడు. ఆమె తాగి, మూత పెట్టి సీసా తిరిగిచ్చింది.

గోడలమీద ఉన్న పెట్టెలన్నిటినీ ఆమే తిరిగి తిరిగి దించింది. కొన్నిచోట్ల లోపలికి రానివ్వలేదు, గేటు దగ్గరే తిట్టి, పెట్టెను తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడేశారు. తర్వాత ఇంకొక కంపెనీ, చలికి తగిన చిప్పు దొరికినచోటినుంచి తెప్పించి కొత్తవి చేసింది. ఆ కంపెనీ ఆమెను ఉద్యోగంలోకి తీసుకోలేదు గానీ, చలిగదుల్లో పరీక్షించే పనికి మాత్రం పిలిచింది. ఇంకెవరూ ఆ పనికి ముందుకు రాలేదు.

మరుసటి ఏడు వానలు మొదలయ్యాక, కొత్త పెట్టెతో ఆమె బావావాళ్ళ కోల్డ్ స్టోరేజికి వెళ్ళినరోజు వరండాలో ప్యాకింగ్ పని ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. మేనేజర్ బతిమాలుతున్నాడు. వాళ్ళు లోపలికి వెళ్ళేది లేదంటున్నారు. గుంపులో ముందు నిలబడ్డ మనిషిని టంకం వెంటనే గుర్తుపట్టలేదు. మోకాళ్ళ దాకా వచ్చే మందపు కోటు, తలకు ఉన్ని టోపీ. అక్క. బావ పోయినందుకు అక్కడే ఆమెకు పని ఇచ్చారన్న సంగతి టంకానికి ఎవరూ చెప్పలేదు.

"ముందు అది వెళ్తుంది" అంది అక్క మేనేజర్‌తో, చెల్లెలి వైపు వేలు చూపించి. "ఆ పెట్టెకు కరెంటు ఆపి పెట్టండి. గడ్డకట్టనీండి. అప్పుడు దాన్ని పెట్టె ముందు నిలబెట్టి స్విచ్ వెయ్యండి. ఆ ఐసు కూడా లోపలే ఉండాలి."

"అట్లా కుదరదమ్మా, ప్రమాదం..." అన్నాడు మేనేజర్.

"కుదురుతుంది" అంది టంకం. "నడుముకు తాడు కట్టండి. తలుపు తెరిచే ఉంచండి. నేను చెయ్యెత్తితే లాగేయండి."

తాడు రెండో కొసను అక్క తనే తీసుకుంది. మేనేజర్ అందుకోబోతే ఇవ్వలేదు.

లోపల చలి కళ్ళను గుచ్చి నీళ్ళు తెప్పించింది. నేలమీద తెల్లపొగ మోకాళ్ళదాకా ఉంది. టంకం పెట్టెకు ఎదురుగా నిలబడి "వెయ్యండి" అని అరిచింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తాడు ఒక్కసారిగా బిగుసుకుంది. అప్పుడు సైరన్ మోగింది, పైన ఫ్యాన్ గర్జించింది, పొగ తలుపువైపు పరిగెత్తింది. ఆమె బయటికి వచ్చేసరికి అక్క అరచేతుల్లో తాడు ముద్ర ఎర్రగా పడి ఉంది. అక్క ఆ చేతులు కోటు జేబుల్లో పెట్టేసుకుంది.

గాలి శుభ్రమయ్యాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే తోపుడుబండ్లు తీసుకుని లోపలికి వెళ్ళారు. మొదటి బండి అక్కది. టంకం వెళ్ళిపోలేదు. వాళ్ళ పని అయ్యేదాకా వరండాలో అరుగుమీద కూర్చుంది. ఎవరూ ఆమెకు టీ ఇవ్వలేదు, వెళ్ళమనీ అనలేదు. సాయంత్రం అందరూ చేతులు రుద్దుకుంటూ బయటికొచ్చారు. అక్క టోపీ తీసి, ఆమెను దాటి నాలుగడుగులు వెళ్ళి ఆగింది.

"రేపు కూడా వస్తావా?" అంది, వెనక్కి తిరగకుండానే.

"రమ్మంటే వస్తా."

"నేను రమ్మనను" అంది అక్క. కాసేపాగి, "వస్తే కాదనను" అని గేటువైపు నడిచింది.

ఆ వానాకాలం అంతా టంకం సాయంత్రం పెట్టెను ఆర్పి, రాత్రంతా గడ్డకట్టనిచ్చి, పొద్దున్నే అక్కడికి వెళ్ళి వెలిగించి చూసి, తర్వాతే వాళ్ళను లోపలికి పంపేది. అక్క ఇంటికి మాత్రం ఎప్పుడూ పిలవలేదు.